పక్కన ఉండిపోయినవాడు

మే నెలలో గోస్తని వట్టిపోయిన ఆవులా ఉంటుంది. ఇసుక మధ్య రెండు మూడు పాయలు, వాటి పక్కన చెలమలు, అంతే. తగరపువలస వంతెనకి కాస్త ఎడంగా చిట్టివలస వైపు ఒడ్డున ఒక చింతచెట్టు ఉంది. మేమిద్దరం సాయంత్రాలు అక్కడే కూర్చుంటాం. మా మధ్య చుట్టరికం లేదు. జూట్ మిల్లు క్వార్టర్లలో పక్కపక్క గుమ్మాల్లో పెరిగాం. చిన్నప్పుడు కలుపుకున్న వరసతో ఇప్పటికీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆయన తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. నేను పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా కతోలిక గుడి విచారణలో ఉపదేశికి సాయంగా పిల్లలకి జపాలు నేర్పుతున్నాను.

ఆ రోజు అరడజను తాటికాయలు కొట్టించుకుని వెళ్ళాను. మొదటి ముంజె బొటనవేలితో నొక్కుతూ మాట కదిపాను.

"ఇరవై మూడో తారీకున గుళ్ళో ఒక పూజ చెప్పించాను బావా. సైన్యంలో గురువుగా చేసిన ఒకాయన పేరు మీద. ఆయన త్వరగా ధన్యుడు కావాలన్న ఉద్దేశంతో. నువ్వు కూడా రావాలి."

"సైన్యంలో గురువా? ఎవరాయన, మన వైపాయనేనా?"

"అమెరికా ఆయన. ఎమిల్ కపాన్. 1951 మే 23న కొరియాలో యుద్ధఖైదీగా చనిపోయాడు. ముప్ఫై అయిదేళ్ళు."

బావ ముంజె తినడం ఆపాడు. "అదేటి బావా! మనకి సాధువుల కరువా? ఎక్కడో అమెరికాలో పుట్టి, ఎక్కడో కొరియాలో పోయినాయనకి తగరపువలసలో పూజ దేనికి? అదీ యుద్ధంలో పనిచేసినాయనకి."

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రావాలనే కోరుకున్నాను కూడా. ఏడాదిగా ఆ మనిషి గురించి చదువుతున్నాను, ఎవరితోనూ నోరారా చెప్పుకోలేదు.

"పూర్తిగా పరాయివాడేం కాదు. మీ మామ్మ 1942లో రంగూన్ నుంచి పిల్లల్ని చంకనేసుకుని కొండలు దాటి నడిచొచ్చిందని చెప్పేవాడివి కదా. ఆ తర్వాత మూడేళ్ళకి, 1945 ఏప్రిల్‌లో, ఈయన అస్సాం మీదుగా ఆ బర్మా కొండల వైపే వచ్చాడు. 1946 మే దాకా మన దేశంలోనూ బర్మాలోనూ తిరిగాడు. నెలకి రెండు వేల మైళ్ళ దాకా జీపు మీదా విమానంలోనూ తిరిగి, అడవుల్లో చెదిరి ఉన్న సైనికుల దగ్గరికి వెళ్ళి పూజ చెప్పేవాడు. అక్కడి మిషను గుళ్ళకీ వెళ్ళేవాడు. పుట్టింది 1916లో, కాన్సాస్‌లో పిల్సెన్ అనే పల్లెటూళ్ళో. బొహీమియా నుంచి వలసొచ్చిన రైతు కుటుంబం. ఆవుల్ని మేపాడు, కోతలు కోశాడు. 1940లో గురుపట్టం పుచ్చుకున్నాడు. మన పల్లెల్లో పుట్టుంటే ఈయన్ని ఎవరూ ప్రత్యేకంగా చూసి ఉండరు. పనిమంతుడు అనేవాళ్ళు, అంతే."

"పనిమంతుడంటే నాకూ ఇష్టమే. కానీ సైన్యంలో గురువంటే నా మనసు ఒప్పుకోదు. మన వైపు కూడా అలాంటివాళ్ళు వచ్చారుగా, కంపెనీ వాళ్ళ కాలంలో?"

"వచ్చారు. ఫ్రాన్స్ కొండల పక్క అన్సీ నుంచి సలేషియను గురువులు 1846లో మన తీరానికి వచ్చారు. 1850లో విశాఖపట్నం అపోస్తలిక పీఠమైంది, నెయ్‌రే మొదటి పీఠాధిపతి. సువార్తతో పాటు వాళ్ళకి ఉన్న ఇంకో పని దండులోని ఐరిష్ సిపాయిల్ని చూసుకోవడం. సికింద్రాబాదులోనూ అదే కథ. ఇవాళ అందరూ ఆగి చూసే సెయింట్ మేరీస్ గుడి కట్టించిన డేనియల్ మర్ఫీ ఐర్లండులో కార్క్ జిల్లా మనిషి. ఆయన చుట్టూ చేరినవాళ్ళలో దండు సిపాయిలే ఎక్కువ. తర్వాత హైదరాబాదుకి మొదటి పీఠాధిపతి అయ్యాడు. ఒంట్లో బాగోక వెళ్ళిపోయి టాస్మానియాలో హోబర్ట్ అగ్రపీఠాధిపతిగా 1907లో తొంభై రెండేళ్ళకి పోయాడు."

"అదే నేననేది. దొరల సైన్యం, దొరల జీతం."

"ఆ జీతం సంగతి విను. ఆంగ్లికన్ గురువులకి కంపెనీ నెలనెలా మంచి జీతమే ఇచ్చేది. కతోలిక గురువులకి మాత్రం ఏదో విదిలించినట్టు భత్యం. సిపాయిల్లో ఐరిష్ కతోలికులు అంతమంది ఉన్నా అంతే. ఆకలికి సైన్యంలో చేరిన కుర్రాళ్ళు వాళ్ళు. కలరాకి ఈగల్లా రాలిపోయారు. వాళ్ళ చివరి మాట వినడానికి ఒక మనిషి ఉంటే, ఆ మనిషికి జీతం ఎవరిచ్చారన్నది నాకు పెద్ద విషయం కాదు."

బావ కాసేపు నదివైపు చూశాడు. "సరే, జీతం సంగతి వదిలేద్దాం. మతం మార్పిడి సంగతి కూడా వదిలేస్తాను, దాని మీద మనం ముప్ఫై ఏళ్ళ కిందటే తగువు పడి రాజీ అయిపోయాం. నా అసలు బాధ వేరే. అది చెప్పాలంటే ముందు నీ మనిషి ఏం చేశాడో పూర్తిగా చెప్పు."

చెప్పాను. 1950 నవంబరు 1 రాత్రి ఉత్తర కొరియాలో ఉన్సాన్ దగ్గర ఎనిమిదో కేవల్రీ రెజిమెంటు మీదికి చీకట్లోంచి చైనా సైన్యం వచ్చి పడింది. తెల్లారేసరికి మూడో బెటాలియను చుట్టూ వలయం బిగిసింది. నడవగలిగినవాళ్ళు తప్పించుకోవాలని ఆజ్ఞ. కపాన్ నడవగలడు. వెళ్ళిపొమ్మని ఒకసారి కాదు, పదేపదే చెప్పారు. ఆయన గాయపడ్డవాళ్ళ దగ్గర ఉండిపోయాడు. పట్టుబడ్డాక, గ్రెనేడుకి చీలమండ విరిగి కందకంలో పడి ఉన్న సార్జంటు హెర్బర్ట్ మిల్లర్ తలకి ఒక చైనా సైనికుడు తుపాకి గురిపెట్టాడు. కపాన్ నడుచుకుంటూ వెళ్ళి ఆ తుపాకిని చేత్తో పక్కకి నెట్టి మిల్లర్‌ని ఎత్తుకున్నాడు. ఆ సైనికుడు కాల్చలేదు. మోసుకుంటూ, మోయలేనప్పుడు భుజం ఆసరా ఇచ్చి ఒంటికాలి మీద గెంతిస్తూ ఖైదీల బారులో నడిపించాడు. ఆ మిల్లర్ బతికి బట్టకట్టి ఇల్లు చేరాడు. 2013 ఏప్రిల్‌లో కపాన్‌కి అమెరికా అత్యున్నత సైనిక పతకం ప్రదానం చేసినప్పుడు వైట్‌హౌస్‌లో కూర్చుని ఉన్నాడు.

"ఆ సైనికుడెందుకు కాల్చలేదు?" అన్నాడు బావ.

"తెలీదు. దాన్ని అద్భుతం అనమని నిన్ను అడగను."

"అడక్కు. కానీ బాగుంది. తర్వాత?"

"తర్వాతదే నాకు ముఖ్యం. యాలు నది ఒడ్డున ప్యోక్‌తాంగ్ ఖైదు శిబిరం. ఆ చలికాలం నిద్రలోనే గడ్డకట్టి చచ్చిపోయేవాళ్ళు. తిండి గుప్పెడు జొన్నలో మొక్కజొన్నలో. కపాన్ రాత్రిళ్ళు కాపలావాళ్ళ కన్నుగప్పి పొలాల్లోకీ గాదెల్లోకీ పోయి దుంపలూ గింజలూ ఎత్తుకొచ్చేవాడు. వెళ్ళేముందు మంచి దొంగ డీస్మాస్‌కి మొక్కుకునేవాడట, ప్రభువు పక్కన సిలువేసిన దొంగకి. పైకప్పు రేకుల్ని రాళ్ళతో కొట్టి గిన్నెలు చేశాడు. వాటిలో మంచు కరిగించి కాచిన నీళ్ళే విరేచనాలు పట్టుకున్నవాళ్ళకి మందు. వాళ్ళ బట్టలు ఉతికేవాడు. తమంతట తాము చేసుకోలేనివాళ్ళ ఒంటి మీద పేలు ఏరేవాడు. చేతి గడియారం ఇచ్చి ఒక దుప్పటి కొన్నాడు. దాన్ని ముక్కలు కోసి తోటివాళ్ళ కాళ్ళకి మేజోళ్ళు కుట్టాడు."

అక్కడ నేనే ఆగాను. ఆ దుప్పటి దగ్గర ఎప్పుడూ ఆగుతాను. ఇంగ్లీషులో సైనిక గురువుని చాప్లెయిన్ అంటారు. ఆ మాట పుట్టింది కూడా ఒక గుడ్డముక్కలోంచే. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అని రోము సైన్యంలో ఒక సిపాయి. అమియాఁ ఊరి గుమ్మంలో చలికి వణుకుతున్న బిచ్చగాడిని చూసి తన పైవస్త్రాన్ని కత్తితో రెండు చేసి సగం ఇచ్చాడు. తర్వాత సైన్యం వదిలేసి గురువయ్యాడు, టూర్ పీఠాధిపతి అయ్యాడు, పునీతుడయ్యాడు. మిగిలిన ఆ వస్త్రాన్ని ఫ్రాంకుల రాజులు యుద్ధానికి వెళ్తూ వెంట తీసుకెళ్ళేవాళ్ళు. దానికి కాపలా ఉన్న గురువుల్ని ఆ వస్త్రం పేరుతోనే పిలిచారు. ఇదంతా బావకి చెప్పాను.

"చూశావా!" అన్నాడు బావ, ముంజె తొక్క దూరంగా విసిరేసి. "నా బాధ అక్కడే ఉంది. చలికి వణికేవాడికి సగం గుడ్డ ఇచ్చాడు మార్టిన్. మిగతా సగాన్ని రాజులు యుద్ధానికి మోసుకుపోయారు. మీ గురువులు ఏ సగం వెంట వెళ్ళారు బావా? రాజు చేతిలో ఉన్న సగం వెంటే కదా."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తాడు. పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఆపే చెయ్యి.

"పూర్తిగా చెప్పనీ. అర్జునుడు గాండీవం కింద పడేశాడు. రెండు సేనల మధ్య, ఒక్క క్షణం, యుద్ధం ఆగింది. ఆ క్షణంలో పక్కనున్నవాడు ఏం చేశాడు? లేపి నిలబెట్టాడు. నేను రోజూ దండం పెట్టుకునే దేవుడి గురించే చెప్తున్నాను, తప్పుపట్టడం లేదు. ఆయన దేవుడు, ఆయనకి పద్దెనిమిదో రోజు తర్వాతది కూడా కనిపిస్తుంది. కానీ మనుషులు ఆ పని చేస్తే? ప్రతి రాజూ సైన్యం వెంట ఒక పూజారినో ముల్లానో పాదిరీనో తీసుకెళ్ళింది ఎందుకు? వణికే కుర్రాణ్ణి లేపి మళ్ళీ ఆయుధం పట్టించడానికి. నెల జీతం కోసం పోరాడేవాడు ఎక్కడో ఒకచోట ఆగుతాడు. దేవుడు తన వెనక ఉన్నాడనుకున్నవాడు ఆగడు. నీ కపాన్ మంచివాడే, ఒప్పుకుంటున్నాను. అంత మంచివాడు కనకనే నా బాధ. చెడ్డవాడు ఎంత ఓదార్చినా యుద్ధానికి బలం రాదు. ఇలాంటివాడు పక్కనుంటే యుద్ధం కూడా భరించదగ్గదే అనిపిస్తుంది."

చెట్టుమీద కాకులు సర్దుకుంటున్నాయి. ఇంత గట్టిగా ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నా విశ్వాసం కూడా అప్పుడప్పుడు రాత్రిపూట నన్ను ఇదే అడుగుతుంది.

"మొదట ఒకటి చూడు," అన్నాను చివరికి. "గాండీవం పడిపోయిన క్షణం గురించి చెప్పావు. కపాన్ కథలో ఆ క్షణం ఎక్కడుంది? ఉన్సాన్‌లో యుద్ధం ఓడిపోయారు. తుపాకులు పోయాయి. మిల్లర్‌ని మోస్తున్నప్పుడు వాడు మళ్ళీ యుద్ధం చేస్తాడని మోయలేదు. ప్యోక్‌తాంగ్‌లో పేలు ఏరించుకున్నవాడు రేపు గెలిచేది ఏముంది? ఆయన లేపి నిలబెట్టింది చావు నుంచి. యుద్ధంలోకి కాదు."

"దానికి ముందు? ఉన్సాన్‌కి ముందు నెలల తరబడి జీపు బానెట్టు మీద పూజ చెప్పాడుగా. అది విని వెళ్ళి కాల్చినవాళ్ళు లేరా?"

"ఉంటారు."

"మరి?"

"ఉంటారనే అంటున్నాను. దాచను. కానీ వాళ్ళని అక్కడికి పంపింది ఆయన కాదు బావా. నువ్వే పాఠం చెప్పేవాడివి కదా, ఖడ్గ తిక్కన కథ. యుద్ధం నుంచి వెనక్కి వచ్చాడు. ఇంట్లో ఏం చేశారు? స్నానానికి మంచం అడ్డుపెట్టి, అక్కడ పసుపు ముద్ద పెట్టింది పెళ్ళాం. ఆడదానిలా తిరిగొచ్చావని. తల్లి విరిగిన పాలు పోసింది. అతను మళ్ళీ వెళ్ళాడు, చచ్చిపోయాడు. ఏడు వందల ఏళ్ళకి పైగా ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ మనం వీరమాతా వీరపత్నీ అని పొగుడుతున్నాం. అర్జునుణ్ణి లేపింది ఒక్కడు. ఖడ్గ తిక్కనని లేపింది ఊరు ఊరంతా. యుద్ధానికి పంపేది ఆ పసుపు ముద్ద. గురువు లేకపోయినా అది ఉంటుంది. ఆ రోజు స్నానాల గది బయట ఒక మనిషి కూర్చుని, 'ఏం చూశావు నాయనా అక్కడ?' అని అడిగి ఉంటే?"

బావ మాట్లాడలేదు. ఆ పాఠం ఆయనకి ప్రాణం. ముప్ఫై ఏళ్ళు తొమ్మిదో తరగతికి గొంతెత్తి చెప్పాడు.

"అలా చదవలేదు నేను," అన్నాడు మెల్లగా. "సరే. అది నీకిచ్చేస్తున్నాను. కానీ బలరాముడున్నాడు. యుద్ధం తప్పని తెలిసినవాడు చెయ్యాల్సిన పని ఆయన చేశాడు. ఎటూ చేరకుండా తీర్థయాత్రకి పోయాడు."

"పోయి, ఎప్పుడొచ్చాడు? గదాయుద్ధం నాటికి. వచ్చి తొడ మీద కొట్టినందుకు భీముడి మీద కోప్పడ్డాడు. కోపం న్యాయమే. చేతికి రక్తం అంటలేదు, అదీ నిజమే. కానీ ఆ పద్దెనిమిది రోజుల్లో నీళ్ళు నీళ్ళన్నవాడి నోట్లో ఒక్క చుక్క పోశాడా?"

బావ నవ్వలేదు, కానీ తలూపాడు. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"నేనూ కొంత చదివాను బావా. సైన్యంలో గురువుల సంగతి నువ్వొక్కడివే చదివావనుకున్నావా? జార్జ్ జబెల్కా అని ఉన్నాడు, తెలుసా?"

తెలుసు. ఆ పేరు ఆయన నోట వస్తుందని అనుకోలేదు.

"1945 ఆగస్టు. నీ కపాన్ బర్మా అడవుల్లో జీపు మీద తిరుగుతున్నప్పుడు, ఇంకో కతోలిక గురువు పసిఫిక్‌లో టినియన్ దీవిలో ఉన్నాడు. అణుబాంబులు మోసుకెళ్ళిన ఆ విమాన దళంలోని కతోలికులకి గురువు ఆయనే. వాళ్ళకి పూజ చెప్పాడు, పాపసంకీర్తనం విన్నాడు. ఊళ్ళ మీద బాంబులు వేసి ఆడవాళ్ళనీ పిల్లల్నీ చంపడం పాపమని ఒక్క ప్రసంగంలోనూ అనలేదు. ఆగస్టు 9న నాగసాకిలో కూలింది మీ వాళ్ళ పెద్ద గుడే కదా, ఉరకామి. తమ మతం వాళ్ళనే చంపేవాళ్ళకి దివ్యసత్ప్రసాదం ఇచ్చాడు. అదే అంగీ, అదే సిలువ, అదే ఏడాది. చెప్పు."

ఈ ప్రశ్నకి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా అప్పటి మాటలకి నగిషీలు చెక్కదలుచుకోలేదు.

"జబెల్కాని ఈ లెక్కలోంచి తీసేసి మాట్లాడలేను," అన్నాను. "మౌనంగా ఉండటం పాపం. ఆయనే తర్వాత బతుకంతా ఆ మాట చెప్పుకుంటూ తిరిగాడు. శాంతి కోసం నడిచాడు, జపాను వెళ్ళి క్షమాపణ అడిగాడు. ఆ పాపం ఆయన అక్కడ ఉండటంలో లేదు, అక్కడ ఉండి నోరు మూసుకోవడంలో ఉంది. దూరాన ఉన్న మనం వాళ్ళు తప్పు చేశారని ఎన్నిసార్లయినా అంటాం. నేను తప్పు చేశానని లోకానికి చెప్పగలిగింది అక్కడున్న ఆయనే. బావా, నేను పూజ చెప్పిస్తోంది అంగీకి కాదు, పదవికి కాదు. ఉన్సాన్‌లో వెళ్ళిపొమ్మన్నప్పుడు ఉండిపోయిన ఒక మనిషికి."

"అంటే గురువులందరికీ కాదన్నమాట."

"అందరికీ కాదు."

"అయితే నాకు పేచీ లేదు," అన్నాడు బావ.

ఆయన ఇంత త్వరగా ఒప్పుకుంటే నాకు గెలిచినట్టుండదు, ఆయన ఏదో దాచుకున్నట్టుంటుంది. చిన్నప్పుడు గోళీలాటలో కూడా అంతే. కానీ అప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు. మాట ఎటో మళ్ళింది.

మళ్ళించింది ఆయనే. ఇక్కడికి దగ్గర్లోని పద్మనాభం గురించి ఎత్తాడు. 1794 జూలై 10న అక్కడే పూసపాటి చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో పోరాడి పడిపోయాడు. పేష్కషు బాకీ దగ్గర మొదలైన తగువు. ఆయనతో పాటు ఎందరో పడిపోయారు. "రాజు పేరు పుస్తకాల్లో ఉంది. ఆ కొండ కింద దప్పికతో పడి ఉన్నవాళ్ళ దగ్గరికి ఎవరెళ్ళారో ఒక్క కైఫీయతులోనైనా ఉందేమోనని చాలా ఏళ్ళు వెతికాను," అన్నాడు. నాకు ఆశ్చర్యమేసింది. ఆయన ఇలాంటిది వెతుకుతున్నాడని నాకెప్పుడూ చెప్పలేదు.

అక్కణ్ణించి భీమిలి డచ్చివాళ్ళ సమాధులకి వెళ్ళాం. పావురాళ్ళకొండ మీది బౌద్ధ భిక్షువుల దగ్గరికి వెళ్ళాం. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పశ్చాత్తాపపడ్డాడు, ఇవాళ అదే భీమిలిలో నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ కళింగ ఉంది, ఆ పేరు పెట్టినవాళ్ళకి పశ్చాత్తాపం గుర్తుందా పరాక్రమం గుర్తుందా అని బావ అడిగాడు. అక్కణ్ణించి మా మిల్లు. చప్పుడు ఆగిపోయి ఏళ్ళయిన ఆ గోడలు ఒడ్డు నుంచి కనిపిస్తాయి. మన గోగునారని ప్రపంచమంతా భీమిలిపట్నం జనుము అనే పిలిచింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ కందకాల ముందు పేర్చిన ఇసుక బస్తాలు జనపనారవే. మన అమ్మానాన్నలు వడికిన దారం ఎక్కడెక్కడికి పోయిందో ఎవరు చూశారు అన్నాడు బావ. యుద్ధంతో సంబంధం లేని చెయ్యి ఏదైనా ఉందా అని నేనన్నాను. లేదని ఇద్దరం ఒప్పుకున్నాం. దానివల్ల ఏం తేలిందని ఎవరైనా అడిగితే చెప్పలేను. కానీ ఆ పావుగంటా మేం ఎదురెదురుగా కాక పక్కపక్కన కూర్చుని మాట్లాడుకున్నట్టుంది.

చీకటి పడుతుండగా నేనే మళ్ళీ కొరియాకి వచ్చాను. "నెహ్రూ అంటే నీకు అభిమానం కదా. కొరియా యుద్ధానికి మన దేశం ఏం పంపిందో తెలుసా? పోరాడే సైన్యం పంపలేదు. వైద్యదళం పంపింది, అరవయ్యో పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. కల్నల్ రంగరాజ్ దాని నాయకుడు. కపాన్ పట్టుబడిన ఆ నవంబరులోనే వాళ్ళు కొరియాలో దిగారు. డిసెంబరులో ప్యోంగ్‌యాంగ్ ఖాళీ చేసి పారిపోవాల్సొచ్చింది. మందులూ పరికరాలూ వదిలి వెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళు వదల్లేదు. ఎక్కడో ఒక బొగ్గు ఇంజను సంపాదించి, బారుగా నిలబడి బకెట్లతో నీళ్ళందించుకుని, దాని కడుపు నింపి, తామే నడుపుకుంటూ దక్షిణానికి వచ్చారు. తుపాకి పట్టకుండా యుద్ధంలో ఉండటం ఏమిటని అడిగావు కదా. మన దేశమే అలా ఉంది."

"వైద్యం వేరు బావా. విరిగిన కాలికి కట్టు కడితే కనిపిస్తుంది."

"జెనీవాలో 1864లో మొదటి ఒప్పందం రాసినప్పుడు వైద్యుల పక్కనే గురువుల్నీ రాశారు. వాళ్ళ మీద దాడి చెయ్యకూడదని. రెండు పనులూ ఒకే పందిరి కింద పెట్టారు. కనిపించని విరుగుళ్ళు కూడా ఉంటాయని ఆనాటి సైన్యాధికారులకే తెలిసిందన్నమాట. మన సైన్యంలోనూ ఉన్నారు. పండిట్, మౌల్వీ, గ్రంథి, పాదిరీ, బౌద్ధ భిక్షువు. జేసీఓ హోదా ఇస్తారు. గుళ్ళో పూజ ఒక్కటే కాదు పని. ఆస్పత్రిలో పడున్నవాళ్ళ దగ్గరికి పోవాలి, శిక్షలో ఉన్న సిపాయిని చూడాలి, అంత్యక్రియలకి నిలబడాలి."

బావ చాలాసేపు ఏమీ అనలేదు. ఆయన కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది.

"తెలుసు," అన్నాడు. "మా తమ్ముడి పటాలంలో ఒక పండిట్‌జీ ఉండేవాడు."

బావ తమ్ముడు 1987లో శ్రీలంక వెళ్ళిన మన సైన్యంలో ఉన్నాడు. యాళ్పాణం, అదే జాఫ్నా, వైపు. తిరిగొచ్చాక నూతి గట్టు మీద కూర్చునేవాడు, పొద్దుటా సాయంత్రమూ. మేం కుర్రాళ్ళం కాదు అప్పటికి, అయినా కుర్రాళ్ళలాగే అడిగేవాళ్ళం, ఎంతమందిని చంపావురా అని. నేనూ అడిగాను. అతను లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. 1996లో, తుపాను వచ్చిన ఏడు, పోయాడు. ఎలా పోయాడన్నది మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఉత్తరాలొచ్చేవి," అన్నాడు బావ.

"గుర్తుంది. ఇన్‌లాండ్ కవర్లు. హిందీలో అడ్రసు. నా చేతుల మీదుగానే వచ్చాయి."

"ఏడాదికొకటి, దసరాకి. ఆరో ఏడో వచ్చాయి. ఎలా ఉన్నాడు మన అబ్బాయి, నిద్ర పడుతోందా, తింటున్నాడా. ఒకదాంట్లో రాశాడు, ఆస్పత్రిలో పదకొండు రాత్రులు వాడి మంచం పక్కన కూర్చున్నానని, వాడు తన చెయ్యి వదల్లేదని. నాకొచ్చిన హిందీతో చదివాను. మా వాడికి చూపించలేదు. మర్చిపోతున్నవాణ్ణి మళ్ళీ కెలకడం దేనికని. జవాబు కూడా రాయలేదు. వాడు పోయాక ఇంకొకటి వచ్చింది. దానికీ రాయలేదు."

వంతెన మీద లారీలు పోతున్నాయి. వాటి వెలుగు నీళ్ళ మీద పడి పోతోంది.

"ఇందాకటి మాటలన్నీ నీ కపాన్ మీద కాదు బావా," అన్నాడు. "ఆ పండిట్‌జీ మీద. ఆయన్ని తప్పుపట్టగలిగితే నేను జవాబు రాయకపోవడం పెద్ద విషయం కాకుండా పోతుందేమోనని."

నేను చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. 1951 మార్చి 25న, పాస్కా ఆదివారం తెల్లవారుజామున, శిబిరంలోనే కపాన్ ప్రార్థన జరిపించాడు, కతోలికులు కానివాళ్ళూ వచ్చారు. కాలిలో రక్తం గడ్డకట్టి, విరేచనాలతో, న్యుమోనియాతో ఉన్నవాణ్ణి చావులకొట్టం లాంటి ఆస్పత్రికి మోయించినప్పుడు, కాపలావాళ్ళని క్షమించమని వేడుకున్నాడని తోటి ఖైదీలు చెప్పారు. గుర్తు తెలియని ఎముకలుగా హవాయిలో దశాబ్దాలు ఉండి, 2021లో గుర్తుపట్టాక, విచిటా పెద్ద గుడిలో చేరాడు. 2025 ఫిబ్రవరిలో ఆయన్ని పూజనీయుడని ప్రకటించారు. ప్రాణార్పణ అనే కొత్త దారిలో, తోటివాడి కోసం బతుకు ఇచ్చేసినవాడిగా. ఇవన్నీ చెప్పాలనే వచ్చాను. ఒక్కటే చెప్పాను.

"ఆయన పోయాక ఆ శిబిరానికి ఫింక్ అని ఒక పైలట్‌ని ఖైదీగా తెచ్చారు. యూదుడు. కపాన్‌ని ఎన్నడూ చూడలేదు. తోటివాళ్ళు చెప్పింది విని, వంట చెరుకులోంచి కొయ్య ఏరుకుని, నెలల తరబడి కూర్చుని సిలువ మీది క్రీస్తు బొమ్మ చెక్కాడు. విడుదలైనప్పుడు ఖైదీలు దాన్ని మోసుకుంటూ బయటికొచ్చారు."

"యూదుడా?"

"యూదుడే."

"చూడనే లేదా?"

"చూడలేదు. విన్నాడు."

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. చీకట్లో దాంతో పనేమీ లేదు. మిగిలిన రెండు తాటికాయల్ని పక్కకి జరిపి నా దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"యాళ్పాణంలో ఒక కొబ్బరితోట ఉండేదట," అన్నాడు. "మా వాడు చెప్పింది అదొక్కటే, ఒకే ఒక్క రాత్రి, నాకే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ తోటలో..."

ఇంటి నుంచి ఫోను మోగింది. కట్టేశాను.